అమ్మకు రక్తం ఇచ్చిన నలుగురికి, ఆమె వేళ్లు చూసిన ఆ డాక్టరమ్మకు

అమ్మ నిన్న ఇంటికొచ్చింది. గుండెకు బైపాస్ ఆపరేషన్ అయ్యి పదకొండు రోజులు. ఫోన్లు ఎత్తలేకపోయాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

ఆ రాత్రి దవడ లాగుతోంది, ఛాతీలో మంట అంటే మేమూ గ్యాసే అనుకున్నాం, క్లినిక్‌లో కూడా గ్యాస్‌కి సూది వేసి పంపేశారు. తెల్లారి చెమటలు పోస్తుంటే పక్కింటి ఆటో అంకుల్ బనియన్ మీదే బయల్దేరి ఖమ్మంలో ఆస్పత్రికి చేర్చారు. అంకుల్, ఆ రోజు మీరు కిరాయి కూడా తీసుకోలేదు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు అమ్మ వంకరపోయిన వేళ్లు చూసి "కీళ్లవాతం ఎన్నేళ్లుగా ఉందమ్మా?" అని అడిగారు, పద్నాలుగేళ్లు అనగానే ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష వెంటనే చేయించారు. మేడమ్, మీ పేరు కూడా అడగలేదు నేను.

షుగర్ లేదు, బీపీ లేదు, కొలెస్ట్రాల్ కూడా నార్మల్, మరి గుండెకెలా వచ్చింది అని చుట్టాలందరూ అడుగుతున్నారు. నాకూ అదే అనుమానం. హైదరాబాద్‌లో డాక్టర్లు ఓపిగ్గా చెప్పింది ఇదీ: అమ్మకున్న కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీళ్లతో ఆగే జబ్బు కాదు, దానివల్ల ఒంట్లో ఏళ్ల తరబడి ఉండే లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) రక్తనాళాల లోపలి గోడల్ని కూడా పాడుచేస్తుంది. పైగా జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గి కనిపిస్తుందట, అంటే మేం చూసి సంబరపడ్డ ఆ నార్మల్ రిపోర్టుకు అర్థం అంతే! గుండెజబ్బు ముప్పు మామూలు పద్ధతిలో లెక్కగట్టి, ఈ జబ్బు ఉంటే దాన్ని 1.5తో గుణించమని యూరప్ రుమటాలజీ (కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే) వైద్యుల సూచన. అమ్మ ఎక్కువ నడిచేది కాదు కదా, అందుకే మెట్లెక్కితే ఆయాసం లాంటి ముందస్తు హెచ్చరిక కూడా మాకు తెలియలేదు.

తప్పు మాదీ ఉంది. వారానికోసారి వేసుకోవాల్సిన కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ వేడి చేస్తోందని అమ్మ మానేస్తే సరేలే అన్నాం, మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి గోళీలు కొని రోజూ ఇచ్చింది నేనే. ఆ గోళీలు గుండెకు ముప్పు పెంచుతాయట. వాపును అదుపులో పెట్టే అసలు మందు మాత్రం మూలన పడేశాం. ఇంట్లో ఇలాంటివాళ్లు ఉంటే డాక్టర్‌ని అడగకుండా ఏదీ మాన్పించకండి, గుండె సంగతి కూడా ఒకసారి అడగండి.

బి నెగటివ్ కావాలని పోస్ట్ పెట్టిన మూడు గంటల్లో నలుగురు వచ్చారు. ఒకరు నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చారు, వద్దు ముందు పడుకో అన్నా వినలేదు, బ్లడ్ బ్యాంకు వాళ్లే నిద్రపోయి రమ్మంటే అక్కడే బెంచీ మీద పడుకుని సాయంత్రం ఇచ్చి వెళ్లారు. పెట్రోల్ డబ్బులిస్తే కోప్పడ్డారు కూడా.

ఆ తమ్ముడూ, నీ టిఫిన్ డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. నీలం మూత. అమ్మ ఖాళీగా ఇవ్వనంటోంది, కాస్త లేచి తిరగ్గానే అరిసెలు చేస్తుందట, అడ్రస్ మెసేజ్ చెయ్యి.