అరకు బయల్దేరే ముందు ఆ చప్పుడు సంగతి

అమ్మలూ,

నువ్వు పంపిన కారు చప్పుడు రికార్డింగ్ విన్నాను. అది కీచుమనే చప్పుడు కాదు, గరగరమని గీరే చప్పుడు. రెండిటికీ చాలా తేడా ఉంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఇది దగ్గర పెట్టుకుని ఆదివారం బండి చూడు. అప్పటిదాకా దాన్ని బయటికి తీయకు.

అసలు బ్రేకుదేనా కాదా అన్నది ముందు తేలాలి. బ్రేకు ముట్టకపోయినా గీరుతూనే ఉంటే డిస్కుకీ (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం) దాని వెనక రేకుకీ మధ్య చిన్న కంకర రాయి ఇరుక్కుని ఉండొచ్చు. బండిని కాస్త వెనక్కి పోనిస్తే ఒక్కోసారి దానంతటదే రాలిపోతుంది. స్పీడుతో పాటు పెరిగే మూలుగు, స్టీరింగ్ తిప్పినప్పుడు మారే మూలుగు అయితే వీల్ బేరింగ్‌ది. వానలో రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి బరబరమంటే డిస్కు మీద పట్టిన తుప్పు. మీ విశాఖ సముద్రపు గాలికి అదింకా త్వరగా పడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. నీ రికార్డింగ్‌లో మాత్రం బ్రేకు తొక్కగానే మొదలై వదలగానే ఆగుతోంది. కాబట్టి నా అనుమానం ప్యాడ్ల మీదే.

ప్యాడ్ అంటే ఇనప ప్లేటు మీద అతికించిన లైనింగ్, బ్రేకు తొక్కితే డిస్కుని రెండు పక్కలా నొక్కేది ఇదే. కొత్తదానికి ఆ లైనింగ్ పది మిల్లీమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లకి దిగేసరికి, చాలా ప్యాడ్లకి ఉండే చిన్న రేకు ముక్క డిస్కుకి తగిలి కీచుమంటుంది. కావాలనే అలా పెడతారు. పాటలు పెట్టుకుని నడిపితే అది వినపడదు, నీకు తెలుసు నేనెవర్ని అంటున్నానో. ఆ తర్వాత లైనింగ్ పూర్తిగా పోయి ఇనప ప్లేటే డిస్కుని కోస్తుంది. అదే గరగర. కీచుమన్నప్పుడే చూస్తే ప్యాడ్ల ఖర్చుతో పోతుంది, గీరడం మొదలయ్యాక డిస్కులు కూడా బిల్లులోకి ఎక్కుతాయి.

మెకానిక్ అల్లాయ్ చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూసి "బాగానే ఉన్నాయి మేడమ్" అంటే నమ్మకు. అలా కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే, లోపలిది కనపడదు. చక్రం విప్పాల్సిందే. చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చెయ్యి, తర్వాతే జాకీ ఎత్తు. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు, స్టాండు పెట్టించు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం కాలిపర్, దాని కింది బోల్టు విప్పితే పైకి లేస్తుంది. పూర్తిగా ఊడదీస్తే మాత్రం తీగతో కట్టాలి, బ్రేకు పైపు మీద వేలాడనివ్వకూడదు. లోపలి దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూడు. రెండూ సమానంగా అరిగితే వాటి వయసైపోయింది, అంతే. లోపలిది ఇనప ప్లేటు తేలి, బయటిదానికి ఇంకా సగం ఉంటే తప్పు ప్యాడ్ది కాదు. కాలిపర్ జరిగే పిన్నులు పట్టేశాయి, లేకపోతే కాలిపర్ లోపల ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ వెనక్కి రావడం లేదు. పిన్ను చేత్తో లాగితే సాఫీగా జరగాలి. తుప్పు తుడిచి, బ్రేకుల కోసం అమ్మే గ్రీజే రాయించు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. ఇది చూడకుండా కొత్త ప్యాడ్లు తొడిగి పంపేవాళ్లే ఎక్కువ. నాలుగు నెలలకి అదే చక్రం అదే చప్పుడుతో తిరిగొస్తుంది.

డిస్కు మీద గోరు పెట్టి అడ్డంగా గీకు. గాడిలో గోరు ఆగిందంటే కోత లోతుగా ఉన్నట్టే. "లేత్ మీద ఫేసింగ్ చేయిద్దాం" అంటారు, అంటే డిస్కు పైపొర చెక్కి నున్నగా చేయడం. మన షెడ్డులో ఆ పని చేసేవాణ్ణి కాబట్టే చెబుతున్నా, ముందు మందం కొలిపించు. డిస్కు మీదే కనీస మందం కొట్టి ఉంటుంది. కొత్తదానికీ ఆ అంకెకీ తేడా సాధారణంగా రెండు మిల్లీమీటర్లే, దానికి ఎంత ఫేసింగ్ పడుతుంది? పల్చబడ్డ డిస్కు త్వరగా వేడెక్కుతుంది. ఆ అంకెకి దగ్గరపడితే మార్చేయ్, డబ్బు నేను వేస్తాను. డిస్కులైనా ప్యాడ్లైనా ముందువైపు రెండు చక్రాలకీ కలిపే మార్చాలి, ఒక పక్కే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు డబ్బాలో బ్రేక్ ఆయిల్ పైకొచ్చి పొర్లకుండా చూసుకోవాలి, పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. అంతా బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటిసారి తొక్కినప్పుడు కాలు నేలకి తగులుతుంది, బండి ఆగదు. పాత ప్యాడ్లు అడిగి తీసుకుని, నాలుగిటికీ ఫొటో తీసి పంపు.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా సడన్ బ్రేకులు వద్దు. అలాంటి బండితో అనంతగిరి ఘాట్ దిగడం నాకిష్టం లేదు. ఈసారికి కిరండూల్ పాసింజర్ రైల్లో వెళ్లండి, దారిలో బొర్రా గుహల దగ్గర కూడా దిగొచ్చు.

నాన్న