మా నాన్నగారి పాత కారుకి అండగా నిలిచిన మీ అందరికీ

మా నాన్నగారి 1998 మారుతి 800 మళ్ళీ రోడ్డెక్కింది. ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపినది) పోయించినా ఇప్పుడు ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. ఇందుకు కారణమైన విజయవాడ ఆటోనగర్ మేస్త్రి గారికి, మా వీధిలోని కెమిస్ట్రీ మాస్టారికి, స్పేర్ పార్టుల షాపాయనకి మా కుటుంబం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాలే. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో దాన్ని తట్టుకునే రబ్బర్లు వేస్తున్నారు. మాది అంతకు ముందుది, కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలపు పరికరం) ఉన్న బండి, దాని రబ్బర్లు ఇథనాల్‌కి పాడవుతాయేమోనని మా భయం. ఎవరినడిగినా "ఏం కాదు, పోయించేయండి" అనేవారు, లేదంటే "ఇంకా ఎందుకండీ, అమ్మేయండి" అనేవారు. నాన్నగారికి ఆ టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు. మేస్త్రి గారు మాత్రం "విప్పి చూద్దాం సార్, చూశాక మాట్లాడుకుందాం" అన్నారు.

ట్యాంకు నుంచి పంపుకి వెళ్ళే పైపు తీసి, నాన్నగారి ముందే వేళ్ళతో వంచారు. పైకి బాగానే ఉంది గానీ వంపు దగ్గర సన్నటి పగుళ్ళు. నిలువునా కోసి చూపిస్తే లోపలి గోడ ఉబ్బి, వేలికి జిగురుగా అంటుకుంది. అది మేము ఎప్పుడో బయట వేయించుకున్న మామూలు రబ్బరు పైపు. అలాంటిది ఇంజన్ వేడి దగ్గర కారితే ఏమవుతుందో తలుచుకుంటేనే భయం వేసింది. షాపాయన ఓపిగ్గా వెతికి, మీద ఆర్9 (పెట్రోలు పైపుల రకం గుర్తు) అని అచ్చున్న, లోపల ఇథనాల్‌ని తట్టుకునే వైటాన్ రబ్బరు లైనింగ్ ఉన్న పైపు తెప్పించారు. పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర), కార్బురేటర్ గాస్కెట్లు (అతుకుల మధ్య కారకుండా వేసేవి) కూడా మార్చారు. ఇథనాల్ ట్యాంకులో పాత మడ్డిని కదిలిస్తుందని, ఫిల్టరు కొత్తది వేసినా కొన్నాళ్ళకే ఇంకోసారి మార్చమన్నారు.

మాస్టారు చేసి చూపించింది నాన్నగారు ఇప్పటికీ అందరికీ చెబుతున్నారు. గీతలున్న గాజు జాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, ఊపి, కాసేపు కదలకుండా ఉంచారు. అడుగున 10 దగ్గర ఉండాల్సిన నీటి పొర 30 దగ్గరికి వచ్చేసింది. పెట్రోల్లోని ఇథనాల్ అంతా నీళ్ళలోకి దిగిపోయిందన్నమాట. ట్యాంకులోకి నీళ్ళు చేరితే జరిగేది ఇదే. అందుకే బండిని నెలల తరబడి కదపకుండా ఉంచొద్దని, వానాకాలంలో ట్యాంకు మూత బిగువు చూసుకోమని చెప్పారు.

ఇంకో సంగతి కూడా ఆయనే విడమరిచి చెప్పారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. కొత్త కార్లలో సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దుతుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, మనిషే సర్దాలి. మేస్త్రి గారు స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే కొసలు తెల్లగా మారాయి, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదన్నమాట. మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్ళు) సర్ది, బండి తిప్పించి, మళ్ళీ ప్లగ్గులు తీసి లేత గోధుమ రంగు వచ్చాకే తాళం చేతికిచ్చారు. మైలేజీ కొంచెం తగ్గుతుందని ముందే చెప్పారు, తగ్గింది కూడా. దానికి నాన్నగారు ఏమీ అనుకోలేదు.

సామాన్లకి, కూలికి తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. మాస్టారైతే కాఫీ తాగడానికి కూడా మొహమాటపడ్డారు. ఈ ఆదివారం ముగ్గురూ కుటుంబాలతో మా ఇంటికి భోజనానికి రావాలి. అమ్మ గోంగూర పచ్చడి కలిపి ఉంచింది, కాదనకండి.