పులి కంటే ముందు కంచె కనిపించింది

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి ఎనిమిదో తరగతి పిల్లలు ఫోటోలు తీయడానికి జూకి రెండుసార్లు వెళ్లొచ్చారు. రెండోసారి ఎందుకని మీలో కొందరు అడిగారు. దానికి జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి తీసిన ఫోటోలను తెర మీద వేసి అందరం కలిసి చూశాం. తీసినవాళ్లు మాట్లాడకూడదు, చూసేవాళ్లు ‘బాగుంది, బాగాలేదు’ అనకూడదు అని నియమం పెట్టాం. తమ చూపు ముందుగా ఎక్కడికి వెళ్లిందో అదొక్కటే చెప్పాలి. ఒక పాప తీసిన పులి ఫోటో వచ్చినప్పుడు చాలామంది ‘కంచె’ అన్నారు. ఒకరు ‘వెనకాల చెత్తడబ్బా’ అన్నారు. పులి అన్నది ఇద్దరే. పాపకు కళ్లనీళ్లు తిరిగాయి. నాకూ కష్టమనిపించింది, కానీ ఆపలేదు. అక్కడ ఒక్క మాట కూడా తన గురించి కాదు, అన్నీ ఫోటో గురించే.

కాసేపటికి తనే అడిగింది: “మేడమ్, కంచె కనబడకుండా ఎలా తీయాలి?”

ఆ ప్రశ్న తన నోట వచ్చాక పాఠం ఇట్టే ఎక్కింది. సందర్శకుల కోసం కట్టిన రెయిలింగ్ దాటకుండానే లెన్స్‌ను జాలీకి వీలైనంత దగ్గరగా తేవాలి. జంతువు జాలీకి దూరంగా వెళ్లేదాకా ఆగాలి. జూమ్ పెంచి, అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/4 లేదా అంతకంటే చిన్న అంకెలో పెడితే దగ్గరి తీగలు మసకబారి దాదాపు మాయమవుతాయి. ఎండకు మెరిసే తీగలు మాత్రం తెల్లటి పొగలా అడ్డొస్తాయి కాబట్టి నీడపడిన చోటు వెతుక్కోవాలి. అద్దం ఉన్నచోట లెన్స్‌ను అద్దానికి ఆనించాలి. ఫ్లాష్ వాడకూడదు. అద్దంలో తెల్లమచ్చ పడుతుంది, జంతువూ బెదురుతుంది.

రెండోసారి ఆ పాప ఒకేచోట నలభై నిమిషాలు కూర్చుంది. అద్దం తట్టలేదు, పులిని పిలవలేదు. పులి కళ్ల ఎత్తుకు కెమెరా దించి, అది చూస్తున్న వైపు కాస్త ఖాళీ వదిలి తీసింది. ఫోటోలో తోక చివర తెగిపోయిందని స్నేహితులు చెబితే, ఈసారి ఏడవలేదు. “అవును, నేనూ చూశాను” అంది. నాకు ఫోటో కంటే ఆ మాటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

ఇంతలో ఒక అబ్బాయి లేచి, కంచె దాచేస్తే పులి అడవిలో ఉందని అబద్ధం చెప్పినట్టు కాదా అన్నాడు. క్లాసంతా రెండుగా చీలిపోయింది. కౌంట్ ఆఫ్ మోంటిజోన్ అనే ఆయన 1852లో లండన్ జూలో తీసిన నీటిగుర్రం ఫోటో చూపించాను. నీటి ఒడ్డున నీటిగుర్రం పడుకుని ఉంటుంది, దాని వెనక కటకటాలకు అవతల జనం నిలబడి చూస్తుంటారు. ఎవరు లోపల, ఎవరు బయట అని పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. ఆ అబ్బాయి తన ఎలుగుబంటి ఫోటోలో కటకటాలను కావాలనే స్పష్టంగా ఉంచాడు. అది ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉందట, అదే చూపించాలనుకున్నాడు. నాకు ఆ నిర్ణయం నచ్చింది. కంచె కనిపించినా కనిపించకపోయినా, ప్రతి ఫోటో కింద ‘జూలో తీసినది’ అని రాయాలని చివరికి పిల్లలే తేల్చారు.

మీకో విన్నపం. పిల్లలు ఫోటో చూపించగానే ‘సూపర్’ అనేసి పనిలో పడకండి. మీకు ముందుగా ఏం కనిపించిందో చెప్పండి. ఎందుకు అక్కడ నిలబడి తీశావని అడగండి. అన్నతోనో అక్కతోనో పోల్చకండి. ఫీడ్‌బ్యాక్ అంటే తప్పులు పట్టడమేనన్న టెన్షన్ పిల్లల్లో అలాంటి పోలికలతోనే మొదలవుతుంది. కెమెరా లేదని దిగులొద్దు, సగం ఫోటోలు ఫోన్లతో తీసినవే.

శనివారం వరండాలో ఫోటోల ప్రదర్శన ఉంది, తప్పక రండి. పులి ఫోటోలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తీసేయొద్దని ఆ పాపే అడిగింది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు