కొత్త కాలనీల ఇళ్లు మన ఎండకు తగినట్టు కట్టించండి

సంపాదకుడికి,

అయ్యా,

పేదలకు గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు చొప్పున ఇళ్ల స్థలాలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. లోగడ ఇచ్చినది గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. స్థలం పెరగడం సంతోషమే. ఆ స్థలంలో లేచే ఇల్లు చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎండను తట్టుకోవాలన్న ఆలోచన మాత్రం లేఅవుటు గీసేటప్పుడే రావాలి. గోడలు లేచాక ఎవరూ ఇంటిని తిప్పి కట్టలేరు.

నేను పూతలపట్టు మండలంలో మూడు ఆవులు, కొంచెం మామిడి తోట ఉన్న రైతును. మా చుట్టుపక్కల ఈమధ్య కట్టిన ఇళ్లన్నీ ఒకే తీరు: సన్నటి గోడలు, పైన నాలుగైదు అంగుళాల స్లాబు, కిటికీ మీద మూరెడు సన్‌షేడు. పగలంతా తాగిన వేడిని ఆ స్లాబు పొద్దుగుంకాక ఇంట్లోకి వదలడం మొదలుపెడుతుంది. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడకు లోపలివైపు చెయ్యి ఆనించి చూడండి, మధ్యాహ్నపు ఎండ ఇంకా అక్కడే ఉంటుంది. మా పక్కింటి పెద్దావిడ సాయంత్రం మిద్దె మీద బిందెలతో నీళ్లు పోసి, తడి గోనెసంచులు పరిచి వస్తుంది. అంత చేసినా ఆమె మంచం వాకిట్లోనే. ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది.

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉంది. ఏప్రిల్ చివరి వారంలోను, మళ్లీ ఆగస్టు నడుమన మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అంటే మండే రోజుల్లో దక్షిణపు గోడకు తగిలే ఎండ స్వల్పం. ఇంటిని కాల్చేది పైకప్పు, దాని తర్వాత తూర్పు, పడమటి గోడలు. కాబట్టి ఇల్లు తూర్పు పడమరలుగా పొడవుగా ఉండి, పొట్టి గోడలు ఆ రెండు దిక్కులకు రావాలి. పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాల్లో ఎదురెదురుగా ఉండాలి. స్నానాల గది, సామాన్ల గది, పశువుల కొట్టం లాంటివి పడమటికి పోవాలి. ఇందులో దేనికీ పైసా అదనపు ఖర్చు లేదు. ప్లాట్లు ఏ దిక్కుకు పొడవుగా కోస్తారన్న దాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంది.

వాస్తు వదులుకోమని నేను చెప్పడం లేదు. మనం పెద్దల పడకగదిని నైరుతిలో పెట్టుకుంటాం, మధ్యాహ్నం దాటిన ఎండ నేరుగా కొట్టేది ఆ గది పడమటి గోడనే. అక్కడ ఒక వసారా దించినా, వసారాకు డబ్బు లేకపోతే బీర, చిక్కుడు పాదుకు పందిరి వేసినా గోడకు నీడ, ఇంటికి కూర రెండూ దొరుకుతాయి. 3 సెంట్లలో ఒక కానుగకో వేపకో కూడా చోటు మిగులుతుంది. సెంటు స్థలంలో ఆ మాటే లేకపోయింది.

రాయలసీమ పాత మిద్దెలు కట్టినవారికి ఇదంతా తెలుసు. దూలాల మీద బండలు పరిచి, వాటిపై మందంగా చౌడు మట్టి దట్టించేవారు. ఎండ లోపలికి దిగేసరికి పొద్దు వాలేది. మళ్లీ మట్టి మిద్దెలు కట్టమనడం లేదు. ఏటేటా మరమ్మతు చేసే ఓపిక, మనుషులు ఇప్పుడు లేరు. అయితే ఆ గుణాన్ని తక్కువ ఖర్చుతో తెచ్చే పద్ధతులు ఉన్నాయి. తక్కువ ఖర్చు ఇళ్ల వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ బాండ్ గోడలో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. తొమ్మిది అంగుళాల గోడ నడుమ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది, ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. ఫిల్లర్ స్లాబులో కమ్మీల మధ్య, కాంక్రీటు బరువు మోయని అడుగుభాగంలో, మంగళూరు పెంకులు పేరుస్తారు. సిమెంటు తగ్గుతుంది, వేడి కూడా తగ్గుతుంది. ఇవేవీ చేయలేనివారు వేసవికి ముందు మిద్దెకు తెల్ల సున్నం పూసుకున్నా తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల కోసం ఏకంగా ఒక విధానమే ప్రకటించింది.

సోలార్ గురించి కూడా ఒక మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల రాయితీ ఉంది. మంచి పథకమే. కానీ వేడెక్కే ఇల్లు కట్టి, ఆ వేడిని తోలడానికి పెద్ద ప్యానెళ్లు పెట్టుకోవడం పొదుపు ఎలా అవుతుంది? మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ లాగుతుంది. నీడ పట్టిన ఇంట్లో అలాంటి ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఒక చిన్న ఫ్రిజ్ ఉంటే, రోజుకు సుమారు 4 యూనిట్లు ఇచ్చే 1 కిలోవాటు ప్యానెలే రైతు కుటుంబానికి సరిపోతుంది. పాడి ఉన్న మన జిల్లాలో గోబర్ గ్యాసును జనం మరిచిపోవడం నాకు మరీ బాధ. రోజుకు 25 కిలోల పేడతో 1 ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. చిన్న కుటుంబం వంటలో చాలా భాగం దాంతోనే గడుస్తుంది, మిగిలిన పేడ జావ (స్లర్రీ) పొలానికి ఎరువు.

కేంద్రం 2018లో ఇళ్లలో వేడిని, కరెంటు వాడకాన్ని తగ్గించేందుకు ఈకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. అప్పుడు దాన్ని 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని కట్టడాలకే వర్తించేలా రాశారు. అంటే పన్నెండు సెంట్ల పైమాట. ఏసీ కొనలేనివాడి ఇంటికి ఏ నియమమూ లేకపోవడం న్యాయం కాదు.

గృహనిర్మాణ శాఖను నేను కోరేది ఇది. 3 సెంట్లకు, 2 సెంట్లకు రోడ్డు ఏ దిక్కున ఉంటే ఏ నమూనా పనికొస్తుందో విడివిడిగా గీయించండి. ఏర్పేడు దగ్గరి ఐఐటీ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఇంజినీరింగ్ కళాశాల ఇక్కడే ఉన్నాయి, వారిని అడగండి. ర్యాట్ ట్రాప్ గోడకు, ఫిల్లర్ స్లాబుకు కూడా, ఇల్లు లేచేకొద్దీ ప్రభుత్వం ఇచ్చే దశలవారీ బిల్లులు చెల్లుతాయని రాతపూర్వకంగా చెప్పండి. ఆ భరోసా లేకపోతే ఏ పేదవాడూ కొత్త పద్ధతికి సాహసించడు. రెండు జిల్లాల్లో మేస్త్రీలకు శిక్షణ ఇచ్చి, మండలానికి ఒక నమూనా ఇల్లు కట్టి, వచ్చే మే నెలలో తలుపులు తీసి జనాన్ని లోపల కూర్చోనివ్వండి.

– ఒక పాడి రైతు,
పూతలపట్టు మండలం, చిత్తూరు జిల్లా