బెంగళూరు చలిలో ఎండ

అనంతపురం,
డిసెంబరు 19

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. నేను క్షేమంగా చేరాను. మొన్న నీ రూములో సన్‌స్క్రీన్ మాట ఎత్తితే "చలికాలంలో ఎందుకమ్మా, స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నాం" అని నవ్వేశావు. నీ స్నేహితుల ముందు ఇంకేం అనలేకపోయాను. ఫోనులో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఎండ వేడిగా ఉందా లేదా అన్నదాంతో చర్మానికి పని లేదు. మనకు వెచ్చగా తగిలే కిరణాలు వేరు, చర్మాన్ని పాడుచేసే అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలు వేరు. మన అనంతపురం ఎండ కాలుస్తుంది, కాబట్టి పది దాటితే జనం నీడ వెతుక్కుంటారు. బెంగళూరు డిసెంబరు ఎండ హాయిగా ఉంటుంది. హాయిగా ఉంది కాబట్టే గంటల తరబడి అందులో నిలబడిపోతారు. నాకు ఆ హాయి అంటేనే భయం.

పైగా మీ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఈ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఇంకో సంగతి, భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది మే నెలలో కాదు, జనవరి మొదటి వారంలో. చలి దేశాల్లో ఈ కాలంలో సూర్యుడు బాగా కిందికి వాలి ఉంటాడు, అందుకని వాళ్లకు ఈ బెడద తగ్గుతుంది. 13 డిగ్రీల అక్షాంశం మీదున్న బెంగళూరులో అంతగా వాలడు. నువ్వు ఇంజనీరువి, నువ్వే కొలిచి చూడు. నీ నీడ నీకంటే పొట్టిగా పడుతోందంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. డిసెంబరులో కూడా అక్కడ సుమారు పదిన్నర నుంచి రెండింటి దాకా నీడ పొట్టిగానే పడుతుంది. సరిగ్గా నువ్వు బిల్డింగు సైటులో స్లాబు మీద ఉండే వేళ. ఫోనులో వాతావరణం చూసేచోట యూవీ ఇండెక్స్ అని, ఈ కిరణాల తీవ్రత చెప్పే అంకె ఉంటుంది. అది 3కి చేరిందంటే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ ఊళ్లో చలికాలం మధ్యాహ్నం అది 3 దగ్గర ఆగదు. చెన్నై వైపు వాయుగుండం పడి మీకు మబ్బు పట్టిన రోజుల్లో కూడా నిర్లక్ష్యం వద్దు. పలచని మబ్బును దాటుకుని ఈ కిరణాలు చాలావరకు కిందికి వచ్చేస్తాయి.

నల్లబడతావని కాదు నా బాధ. ఆ చింత ఉన్నవాళ్ల సంబంధం మనకు అక్కర్లేదు. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ, కాబట్టి తెల్లవాళ్లంత చర్మ క్యాన్సర్ భయం మనకు లేదు, నిజమే. కానీ మంగు మచ్చలు మనలాంటి చర్మానికి తొందరగా వస్తాయి, వస్తే ఓ పట్టాన వదలవు. మన మెడికల్ షాపుకు వచ్చేవాళ్లలో రోజూ చూస్తున్నాను. ఆ మచ్చలు పోవాలని ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీము అడుగుతారు. కొన్నాళ్లు ముఖం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండ తగిలితే మండుతుంది. అలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన పెట్టింది కూడా. నీ రూములో ఎవరి దగ్గరైనా అలాంటి ట్యూబు కనబడితే నువ్వు ముట్టుకోవద్దు, వాళ్లకూ చెప్పు.

మొటిమలకు నువ్వు రాత్రిపూట రాసుకునే అడాపలీన్ జెల్ చర్మాన్ని పొడిబారుస్తుంది, ఎండను తట్టుకోనివ్వదు. చలిగాలికి నీ బుగ్గలు ఇప్పటికే పొట్టు లేస్తున్నాయి, చూశాను. కాబట్టి పొద్దున ముందు మాయిశ్చరైజర్ రాసుకుని, కాసేపు ఆగి సన్‌స్క్రీన్ రాసుకో.

ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ అని, ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడకు. 30 ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ రకం కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం దాకా. అసలు తేడా ఎంత రాసుకుంటామన్నదాంట్లో ఉంది. ఆ లెక్కలన్నీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కట్టినవి. మనం మామూలుగా అందులో సగం కూడా రాయం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. పీఏ అనే అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉన్నది చూసి కొను, అది యూవీఏ అనే ఇంకో రకం కిరణాలను ఆపడానికి. యూవీఏ గాజు అద్దంలోంచి కూడా వస్తుంది, సైటు ఆఫీసులో కిటికీ పక్క కూర్చున్నా, బస్సులో ఎండ వైపు కూర్చున్నా తగులుతుంది. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. టీకి దిగినప్పుడు సిమెంటు దుమ్ము తడిగుడ్డతో తుడుచుకుని రాసుకో. హెల్మెట్ నుదుటికి కాస్త నీడ ఇస్తుంది గానీ చెవులు, మెడ వెనక, అరచేతుల వెనక భాగం మిగిలిపోతాయి.

మీ సైటులో పనిచేసే ఆడవాళ్లను చూశావా? చీర మీద ఫుల్ చేతుల చొక్కా, తలకూ ముఖానికీ గుడ్డ. వాళ్లు చేసేదే సరైన పని. ముందు గుడ్డ కప్పుకోవాలి, గుడ్డ కప్పలేని చోటికి క్రీము. నువ్వేమో చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని తిరుగుతున్నావు. మడవకు.

రేపు బస్సులో పార్సిల్ వేస్తున్నాను, రెండు ట్యూబులు పెట్టాను. ఎంత రాయాలో అంత రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల రోజులు రాదు. సంక్రాంతికి వచ్చేసరికి ఒకటి ఖాళీ అయి ఉండాలి, వచ్చీరాగానే అడుగుతాను. ఎండలో నిలిపే బండి డిక్కీలో మాత్రం పెట్టకు, వేడికి మందు పాడైపోతుంది. మొదటిసారి చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు చూడు. మంట గానీ దురద గానీ వస్తే కడిగేసి ఫోను చెయ్యి, వేరే రకం పంపిస్తాను.

ఉంటాను.
మీ అమ్మ