మా కుక్కలకు శిక్షణ లేదన్న మీ జవాబు గురించి

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మెడబిళ్లను గుర్తుపట్టి తెరుచుకునే ఆటోమేటిక్ ఫీడర్లు రెండింటిపై ఫిర్యాదు, డబ్బు వాపసు, వైద్య ఖర్చుల చెల్లింపు కోరుతూ.

అయ్యా/అమ్మా,

నా మొదటి ఫిర్యాదుకు మీ విభాగం పంపిన జవాబులో ఒక వాక్యం ఉంది: "ఇది యంత్రంలో లోపం కాదు, మీ పెంపుడు జంతువులకు తగిన శిక్షణ ఇవ్వవలసిందిగా సూచిస్తున్నాం." లోపం లేదని చెప్పి ఊరుకుని ఉంటే ఇంత పొడవైన ఉత్తరం రాసే ఓపిక నాకు ఉండేది కాదు. శిక్షణ అన్న మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో శిక్షణ మీ యంత్రాలు రాకముందూ ఉంది, వచ్చాకా ఉంది. కాకపోతే వచ్చిన తరువాత శిక్షణ ఇస్తున్నది నేను కాదు, మీ యంత్రాలు.

ముందు విద్యార్థుల గురించి చెప్పాలి. గుండు ఏడేళ్ల నల్ల ల్యాబ్రడార్. చుక్క నాలుగేళ్ల బీగిల్. రెండింటికీ తిండి అంటే ప్రాణం. గుండు విషయంలో అది ఉత్త కక్కుర్తి కాకపోవచ్చు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుందనీ, అలాంటివి తిండి కోసం ఎక్కువ తపిస్తాయనీ, బరువూ ఎక్కువ ఉంటాయనీ కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. గుండుకు ఆ పరీక్ష చేయించలేదు. ఖాళీ గిన్నెను గది ఈ మూల నుంచి ఆ మూల దాకా నాకుతూ తోసుకుపోవడం చూసినవాళ్లకు పరీక్షతో పని లేదు. చుక్క తీరు వేరు. వాడిది ఆకలి, దీనిది ఆలోచన.

నిరుడు పశువైద్యురాలు గుండు పక్కటెముకల మీద చేయి వేసి చూసి, ఒళ్లు కొలిచే తొమ్మిది మెట్ల పట్టికలో ఎనిమిదో మెట్టు అన్నారు. ఉండవలసింది నాలుగు లేదా అయిదు. బరువు 38 కిలోలు, దించవలసింది 31కి. ల్యాబ్రడార్ల మీదే వాటి జీవితకాలమంతా సాగిన ఒక అధ్యయనం గురించి కూడా ఆమే చెప్పారు. 48 కుక్కలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టారట. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కుక్క ఆయుష్షులో రెండేళ్లంటే ఎంతో మీకు చెప్పనక్కర్లేదు, కుక్కల వస్తువులు అమ్ముకుని బతుకుతున్న కంపెనీ మీది.

ఆ రోజు నుంచి మా వంటింటి తూకం కుక్కలదైపోయింది. గుండుకు బరువు తగ్గించే గుళికలు పూటకు 140 గ్రాములు. చుక్కకు మామూలు గుళికలు పూటకు 90 గ్రాములు. గదికి ఆ చివర ఒక చాప, ఈ చివర ఒక చాప. గిన్నె కింద పెట్టినా నేను "సరే" అనేదాకా ఎవరి చాప మీద వాళ్లు కూర్చోవాలి. ఇది ఒక్క రోజులో రాలేదు. గిన్నెను జానెడు కిందికి దించడం, పిరుదులు నేల మీద నుంచి లేస్తే మళ్లీ పైకెత్తడం, కూర్చుంటే ఇంకొంచెం దించడం. మొదటి పూట గుండుకు గిన్నె అందేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నా నడుము పట్టేసింది. మూడు వారాలకు గిన్నె నేలను తాకినా కదలకుండా, దారంలా చొంగ కారుస్తూ, నా ముఖం వంకే చూడటం నేర్చుకున్నాడు. చుక్క నాలుగు రోజుల్లోనే నేర్చుకుంది. నేను వీపు తిప్పిన క్షణంలో ఆ నియమం వర్తించదని కూడా అయిదో రోజున కనిపెట్టింది. దానికి ఇంకో నెల పట్టింది. తిన్నాక ఒకరి గిన్నె దగ్గరికి ఒకరు పోకూడదు, గిన్నెలు నేను తీసిన తరువాతే చాపలు దిగాలి. అలా నాలుగు నెలల్లో గుండు 34 కిలోలకు దిగాడు. ఒక్కసారి కూడా గుర్రుమనుకోలేదు. ఇదీ శిక్షణ లేని కుక్కల కథ.

తరువాత నా పని వేళలు మారాయి. సాయంత్రం ఆరింటికి పెట్టే తిండి ఎనిమిదింటికి జారింది. ఆ రెండు గంటలూ తలుపు దగ్గర రెండు గొంతులు. ఒకటి బీగిల్ గొంతు కాబట్టి పొరుగువాళ్ల గురించీ ఆలోచించవలసి వచ్చింది. అప్పుడు మీ పెట్టె మీది మాటలు చదివాను: "ఎవరి తిండి వారికే. రెండు కుక్కలున్న ఇంటికి పూర్తి నిశ్చింత." ఒకటి కాదు, రెండు కొన్నాను.

మొదటి వారంలోనే మూత గుట్టు బయటపడింది. మెడబిళ్ల దగ్గరికి రాగానే మూత తెరుచుకుంటుంది, బిళ్ల దూరమైతే "వెంటనే" మూసుకుంటుందని పెట్టె మీద రాశారు. లోపలి పుస్తకంలో పదిహేడో పేజీలో పన్నెండు సెకన్లు అని ఉంది. కుక్క మూతి నలగకుండా ఆ వ్యవధి పెట్టారని ఊహించగలను, అందులో తప్పు పట్టను. కానీ ల్యాబ్రడార్‌కు పన్నెండు సెకన్లంటే ఏమిటో మీ ఇంజినీర్లలో ఒక్కరికైనా తెలుసా? అంతసేపు కూడా అవసరం లేదని గుండు త్వరలోనే తెలుసుకున్నాడు. చుక్క తన బిళ్లతో మూత తెరవగానే భుజంతో పక్కకు నెట్టి తల దూర్చేవాడు. చుక్క అక్కడే పక్కన నిలబడి ఉంటుంది కాబట్టి యంత్రానికి దాని బిళ్ల అందుతూనే ఉంటుంది, మూత పడదు. తింటున్నది ఎవరో యంత్రానికి తెలియదు, దగ్గరలో ఎవరున్నారో మాత్రమే తెలుసు. ఈ ఒక్క తేడా మీద మీ నిశ్చింత అంతా ఆధారపడి ఉంది.

గ్రాముల సంగతి. యాప్‌లో 70 గ్రాములు అని పెట్టి పదిసార్లు తూచాను. ఒకసారి 61, ఒకసారి 88, మిగిలినవి ఆ మధ్యలో. మీ చక్రం తిరిగి గడికి పట్టినన్ని గుళికలు వదులుతుంది తప్ప బరువు చూడదు. గుళిక పరిమాణం మారితే లెక్క మారుతుంది. అది గ్రాములు కాదు, గళ్లు. గళ్లనే చెప్పి ఉంటే నేనే తూచి లెక్క కట్టుకునేదాన్నో, అసలు కొనకుండా ఉండేదాన్నో.

ఇక నన్ను నిజంగా బాధపెట్టింది గొంతు రికార్డు చేసే సదుపాయం. యజమాని గొంతు వినిపిస్తే కుక్క ఆనందంగా వస్తుందన్నారు. నేను అమాయకంగా "గుండూ, రా!" అని రికార్డు చేశాను. ఆ "రా" అన్న మాట మా ఇంట్లో ఊరికే వాడే మాట కాదు. గేటు తెరిచి ఉన్నప్పుడు, రోడ్డు మీద బండి వస్తున్నప్పుడు వాడటానికి దాచుకున్న మాట. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతిలో పెట్టి రెండేళ్లు కూడబెట్టిన మాట. మీ చక్రంలో గుళిక ఇరుక్కుని తిండి రాని రోజుల్లో కూడా మీ యంత్రం మాత్రం ఆ మాటను మూడేసిసార్లు పలికింది. గుండు పరుగెత్తి వచ్చాడు, మూత తెరుచుకుంది, లోపల ఏమీ లేదు. ఒకే వారంలో అలా మూడు సాయంత్రాలు జరిగినట్టు యాప్‌లో నమోదై ఉంది. ఇప్పుడు పార్కులో "రా" అంటే వాడు తల తిప్పి చూసి, కాసేపు ఆలోచించి, మళ్లీ గడ్డి వాసన చూసుకుంటున్నాడు. నేను కూడబెట్టినదాన్ని మీరు ఖర్చు పెట్టేశారు. కొత్త మాటతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

చుక్క కనిపెట్టినది ఇంతకన్నా గొప్పది. ఒక రాత్రి ఆడుకుంటూ యంత్రానికి కాలు తగిలించింది. లోపల చక్రం అంచున నిలిచిన గుళికలు నాలుగు గిన్నెలో పడ్డాయి. ఆ నాలుగు గుళికల చప్పుడుతో మా ఇంట్లో కొత్త శాస్త్రం పుట్టింది. నేను కూడా కూర్చుని పరీక్షించాను: ఇరవైసార్లు అరచేత్తో కొడితే ఆరుసార్లు గుళికలు రాలాయి, మూడు నుంచి తొమ్మిది దాకా. ఎప్పుడు రాలతాయో తెలియదు. కుక్కకు ఏదైనా అలవాటు చిరకాలం నిలిచేలా నేర్పాలంటే సరిగ్గా ఇలాగే చేయాలి. ప్రతిసారీ బహుమతి ఇవ్వకుండా, ఎప్పుడిస్తారో అంతు చిక్కకుండా ఇస్తే ఆ పని మానడం చాలా కష్టమని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేల్చాడు. జూదపు యంత్రాల ముందు మనుషులు కదలకుండా కూర్చునేది కూడా ఇందుకే. నేను నేర్పినది ఓపిగ్గా కూర్చుంటే తిండి వస్తుందని. మీ యంత్రం నేర్పినది గట్టిగా కొడితే తిండి వస్తుందని. రాత్రింబవళ్లు విసుగు లేకుండా పాఠం చెప్పే గురువుతో నేను పోటీ పడలేకపోయాను.

మీ ఉద్యోగి సలహా మీద చక్రం కింద టేపు అంటించాను. రాలడం ఆగింది, కొట్టడం ఆగలేదు, పెరిగింది. ఇదీ ఆశ్చర్యం కాదు. అలవాటైన బహుమతి హఠాత్తుగా ఆగిపోతే జంతువు మానేసే ముందు మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. లిఫ్టు రాకపోతే మనం మీట మరో నాలుగుసార్లు నొక్కమా? మూడో రాత్రి చుక్క కొట్టిన దెబ్బకు గుండు బలం కూడా తోడైంది. రెండున్నర గంటల వేళ యంత్రం పక్కకు పడింది. పై డబ్బా మూతకు గొళ్లెం లేదు, వేలితో నొక్కి పెట్టే చిన్న ప్లాస్టిక్ నాలుక మాత్రమే ఉంది. అది విరిగి మూత ఊడింది. సాయంత్రం నేను నింపిన కిలోన్నర గుళికల్లో నేను లేచి వచ్చేసరికి మిగిలినవి 400 గ్రాములు. మిగిలినవని కూడా అనలేను, సోఫా కిందికి దొర్లి వాళ్ల నాలుకకు అందనివి. తేమ పీల్చే పొట్లం ఒకటి నమిలి ముక్కలు చేసి ఉంది.

గుండు పొట్ట డోలులా బిగుసుకుంది. పడుకోలేడు, కూర్చోలేడు, వాంతి రావడం లేదు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుందని తెలిసినవాళ్లకు ఆ అరగంట ప్రయాణం ఎలా గడుస్తుందో రాయను. ఎక్స్‌రే తీసి మెలిపడలేదని, తిండితో మాత్రమే ఉబ్బిందని చెప్పారు. తెల్లవార్లూ సెలైన్ ఎక్కించి, ప్రతి రెండు గంటలకూ పొట్ట చూశారు. చుక్కకు పొట్లం ముక్కలు పేగులో అడ్డుపడతాయేమోనని మూడు రోజులు దాని పెంట కర్రతో కెలికి చూశాను. ముక్కలన్నీ బయటికి వచ్చాయి. ఆ రశీదులు, ఎక్స్‌రే నకలు, విరిగిన నాలుక ఫొటోలు జతచేశాను. (పెంట ఫొటోలు జతచేయలేదు. కావాలంటే ఉన్నాయి.)

ఆరు వారాల లెక్క ఇది: గుండు 34 నుంచి 35.6 కిలోలకు పెరిగాడు. చుక్క 600 గ్రాములు తగ్గింది. కాపలా కోసం కొన్న యంత్రాలు కంచే చేను మేసినట్టు చేశాయి.

మీ ఉద్యోగులు మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ నాలుగుసార్లు ఫోను చేస్తే నాలుగుసార్లూ యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. యంత్రాన్ని ఆపి ఆన్ చేస్తే లేని గొళ్లెం మొలవదు.

నేను కోరుతున్నది ఇది. రెండు యంత్రాల పూర్తి ధర, ఆ రాత్రి వైద్యానికైన ఖర్చు తిరిగి ఇవ్వాలి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ పై డబ్బాకు గట్టి గొళ్లెం, యంత్రాన్ని నేలకో గోడకో బిగించే సామగ్రి ఉచితంగా పంపాలి. నాకు అక్కర్లేదు, కానీ ల్యాబ్రడార్ ఉన్న మరో ఇల్లు ఉంటుంది. తిండి పడనప్పుడు గొంతు వినిపించకుండా యాప్‌ను సరిచేయాలి, ఇది మీకు ఒక్క రోజు పని. యాప్‌లో గ్రాములు అన్న మాట తీసేయాలి. పెట్టె మీది "ఎవరి తిండి వారికే" అన్న మాట తీసేయండి, లేదా దాని కిందే, అదే సైజు అక్షరాల్లో, కుక్కలు పక్కపక్కన ఉంటే ఇది పనిచేయదని రాయండి. పిల్లీ కుక్కా వేర్వేరు గదుల్లో తినే ఇంట్లో ఇది బాగానే పనిచేస్తుందేమో. అలా రాసి అమ్ముకోండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రాకపోతే ఇవే కాగితాలు వినియోగదారుల ఫిర్యాదులు వినేవాళ్ల ముందు పెడతాను. జవాబులో శిక్షణ ఊసు మాత్రం వద్దు.

ఇట్లు,
గుండు, చుక్కల తరఫున,
మీ వినియోగదారు

జతచేసినవి: కొనుగోలు బిల్లు, యాప్‌లోని నమోదులు, తూకం వివరాలు, వైద్య రశీదులు, ఫొటోలు.

తా.క. యంత్రాలను పెట్టెల్లో సర్ది, టేపు వేసి, అటక మీద పెట్టాను. తీసుకువెళ్లడానికి మనిషిని పంపే ముందు ఫోను చేయండి. పోయిన వారం పెట్టె కాస్త జరిపితే లోపల ఎక్కడో మిగిలిన గుళిక ఒకటి దొర్లింది. అప్పటి నుంచి ఇద్దరూ అటక కింద, నేను నేర్పినట్టే, పక్కపక్కన ఓపిగ్గా కూర్చుని పైకి చూస్తున్నారు.