చిన్న గోల్ఫ్ కోర్సును చిన్నగానే ఉండనివ్వండి

సంపాదకుడు గారికి,

మా పేటలో ఉన్న 9 హోల్స్ (బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి గుంత దాకా ఉండే దారి ఒక హోల్) పబ్లిక్ గోల్ఫ్ కోర్సును 'అభివృద్ధి' చేసి సభ్యత్వం ఉన్నవాళ్లకే ఇవ్వాలనుకుంటున్నట్టు గేటు దగ్గర నోటీసు పెట్టారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. అభివృద్ధి వచ్చిన చోటల్లా ముందు గేటుకి తాళం పడటమే చూశాను.

నేను ఆట మొదలుపెట్టింది యాభై దాటాక, అదీ ఎవరో వాడేసి పక్కన పడేసిన రెండు ఐరన్లతో (బంతిని దూరం కొట్టే ఇనుప తల కర్రలు), ఒక పటర్‌తో (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే కర్ర). నియమాల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల (ఇలాంటి కర్రల) దాకా పెట్టుకోవచ్చు గానీ ఇక్కడ అన్నిటికంటే పొడవైన హోల్ కూడా 130 గజాలు దాటదు కాబట్టి మూడుంటే చాలు. మూడో హోల్‌కి అడ్డంగా ఒక చిన్న కాలవ ఉంది, మొదటి నెలంతా నా బంతులు అందులోకే. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు, అంతకుముందు 5 ఉండేది. నేను పావుగంట వెతుకుతుంటే వెనక నిలబడ్డ పదేళ్ల పిల్ల, "అంకుల్, ఇంకోటి తీసి కొట్టేయండి" అంది. సిగ్గేసింది, కానీ ఆట మర్యాద నాకు నేర్పింది ఆ పిల్లే.

18 హోల్స్ లేకపోతే అసలు గోల్ఫే కాదనేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో కొన్ని హోల్స్‌ని కలిపేయడం వల్ల వచ్చింది, అప్పటిదాకా అక్కడ ఒక రౌండ్ అంటే 22. ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ 1860లో మొదటిసారి జరిగిన, స్కాట్లాండ్‌లోనే ఉన్న ప్రెస్ట్‌విక్‌లో ఉన్నవి 12 హోల్సే, వాటినే మూడుసార్లు చుట్టారు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ఇవాళ్టికీ పబ్లిక్‌దే, మామూలుగా ఆదివారాలు ఆట ఆపేస్తారు, జనం దాని మీద నడుస్తూ తిరుగుతారు. ఇక గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద బంతి పడాల్సిన గుంత అంటారా, ఎంత పెద్ద కోర్సులోనైనా 4.25 అంగుళాల వెడల్పే, మా దగ్గరా అంతే!

గ్రీన్లు పాడైపోయాయన్న మాట మాత్రం నిజం, అందులో మా తప్పే ఎక్కువ. పైనుంచి పడ్డ బంతి గడ్డిలో చిన్న గుంట చేస్తుంది. దాన్ని సరిచేయడం నాకు ఒక పెద్దాయన చూపించారు: మోకాలి మీద కూర్చుని, రెండు పళ్ల ఫోర్కును గుంట అంచున గుచ్చి, చుట్టూ గడ్డిని మధ్యలోకి నెట్టారు, తర్వాత పటర్ అడుగుతో రెండుసార్లు తట్టారు. కిందనుంచి పైకి ఎత్తితే వేళ్లు తెగి ఆ చోట ఎండిపోతుందట. అర నిమిషం పని, చాలామందిమి చేయం. నిన్న సాయంత్రం ఒక్క ఐదో గ్రీన్ మీదే పదకొండు గుంటలు లెక్కపెట్టాను. అందులో నావి ఎన్నో అడక్కండి.

దీనికి సభ్యత్వాలు, కొత్త భవనం ఎందుకు? మొదటి టీ (మొదటి హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర నాలుగు ఫోర్కులు, ఒక ఇసుక పెట్టె పెట్టండి, సెలవు రోజుల్లో పొద్దున్నే వరస చూసుకోవడానికి ఒక మనిషిని ఉంచండి. సాయంత్రాలు పిల్లలకి వదిలేయండి, వాళ్లు మాకంటే తొందరగా ఆడతారు కూడా.

నోటీసులో అభిప్రాయాలు చెప్పడానికి పనివేళల్లో ఆఫీసుకి రమ్మన్నారు. ఆ టైముకి ఇక్కడ ఆడేవాళ్లలో సగం మంది డ్యూటీలో ఉంటారు, మిగతావాళ్లు బడిలో. సాయంత్రం ఆరింటికి మొదటి టీ దగ్గరికి ఒకరిని పంపిస్తే అందరం అక్కడే దొరుకుతాం.

ఇట్లు,
ఆ కోర్సులో రోజూ ఆడే ఒక పాఠకుడు